పొరక కట్ట నుంచి నిలబడి ఊకే మిషన్ దాకా



పోయినసారి సూక్ష్మ రుణ ప్రణాళిక రాసుకునేటప్పుడు మా సంఘంలో ఒక ముచ్చట జరిగింది. ఒక్కొక్కరు తమకు అప్పు దేనికి కావాలో చెబుతున్నారు. ఒకరికి బర్రె, ఒకరికి కుట్టుమిషన్, ఒకరికి కిరాణం దుకాణంలోకి సామాను, ఒకరికి బిడ్డ కాలేజీ ఫీజు. ఒక అక్క వంతు వచ్చేసరికి, "నాకు ఇల్లూకే మిషన్ కావాలె. నిలబడి తోసుడే, గదే" అంది. అందరూ పకపక నవ్వారు. "ఎందుకే, పొరక పట్టనీకె చేతులు పడిపోయినయా?" అని ఒకరు, "దొరసాని అయింది" అని ఇంకొకరు. ఆ అక్క నవ్వలేదు. "చేతులు మంచిగనే ఉన్నయి. నడుమే పోయింది. పైనుంచి దమ్ము" అంది. పొద్దున మూడిండ్లలో ఊకి, తుడిచి, పది గంటలకు ఇంటికొచ్చి మళ్లీ తన ఇల్లు ఊకే మనిషి ఆమె. నవ్వు అక్కడికి ఆగిపోయింది.

ఆ రోజు పుస్తకంలో "గృహోపకరణం" అని రాసి పక్కన పెట్టాం. కానీ ఆ మాట నా మనసులో ఉండిపోయింది. వార్షిక నివేదికలో పొదుపులు, రికవరీ, బ్యాంకు లింకేజీ లెక్కల తర్వాత ఒక చరిత్ర వ్యాసం రాయమని అడిగినప్పుడు, రాజుల చరిత్ర కాదు, ఊకుడు చరిత్ర రాస్తానన్నాను. మన ఊరి పేరులోనే తుక్కు ఉంది. తుక్కు ఎత్తిపోసే సంగతి తుక్కుగూడ ఆడవాళ్లు మాట్లాడుకోకపోతే ఇంకెవరు మాట్లాడుకుంటారు!

ముందు మన నేల సంగతి. మన అమ్మమ్మల కాలంలో ఇంట్లో నేల అంటే మట్టి నేల. వారానికోసారో పండుగకో పేడతో అలికేవారు. పొద్దున లేవగానే వాకిలి ఊకి, సానుపు చల్లి, ముగ్గు వేసేవారు. సానుపు శుభానికని మనం అనుకుంటాం, అదీ నిజమే. కానీ అందులో ఇంకో తెలివి కూడా ఉంది. పేడనీళ్లు చల్లితే దుమ్ము లేవదు, అణిగిపోయి నేలకు పట్టుకుంటుంది. ఎండు నేల మీద పొరక వేస్తే దుమ్మంతా ముక్కులోకే వస్తుందని ఆ కాలపు ఆడవాళ్లకు తెలుసు. ఇది విన్నాక నవ్వు రావచ్చు గానీ, ఇంగ్లండులో ఆడవాళ్లు కూడా ఇదే పని చేసేవారు. తివాచీ ఊడ్చే ముందు దాని మీద తడి చాయ్ పొట్టు చల్లేవారు, దుమ్ము దానికి అంటుకుంటుందని. ఎక్కడైనా దుమ్ముతో పోరాటం ఆడవాళ్లదే కాబట్టి ఉపాయాలు కూడా ఒకేలా పుట్టాయి.

పొరకలు కూడా పనికొక రకం. వాకిలికి ఈత పొరక, పశువుల కొట్టానికి గట్టి పుల్లల కట్ట, ఇంట్లోకి మెత్తటి చీపురు. ఈతాకు కోసుకొచ్చి, చీల్చి, ఎండబెట్టి కట్టలు కట్టి ఊరూరా తిప్పి అమ్మింది ఎక్కువగా ఎరుకల ఆడవాళ్లు. ఇప్పుడు దుకాణంలో మనం కొనే మెత్తటి కొండ చీపురు తూర్పు కనుమల గిరిజన ఆడవాళ్ల చేతి కష్టం. కొండవాలుల్లో పెరిగే గడ్డి అది. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ సరుకుల్లో అదీ ఒకటి. అంటే పొరక కోసేది ఆడమనిషే, అమ్మేది ఆడమనిషే, పట్టుకునేది ఆడమనిషే. లక్ష్మీదేవి కాబట్టి కాలు తగలకూడదంటారు. లక్ష్మి అన్న మర్యాద పొరకకే దక్కింది, దాన్ని పట్టిన చేతికి అంతగా దక్కలేదు.

తర్వాత మట్టి నేలలు పోయాయి. తాండూరు బండలు, షాబాద్ బండలు వచ్చాయి. ఆ తర్వాత మొజాయిక్, ఇప్పుడు టైల్స్. అలుకుడు బాధ తప్పింది, నిజమే. కానీ బండ మీద చిన్న మరక కూడా కనబడుతుంది. అలికిన నేలను వారానికోసారి చూసుకునేవాళ్లం, టైల్స్‌ను రోజుకు రెండుసార్లు తుడుస్తున్నాం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ముందుకు పోయాక మళ్లీ వస్తుంది.

ఇన్ని మారినా మారనిది ఒకటుంది. మన చీపురు పొట్టిది. రెండు జానలో మూడు జానలో ఉంటుంది. నడుము వంచకుండా దానితో ఊకలేం. పొడుగు కర్ర పెట్టుకోవడానికి మనకు కర్రలు లేకనా? బూజు దులపడానికి పొడుగు కర్ర కట్టుకున్నాం. మున్సిపాలిటీ రోడ్లు ఊడ్చేవాళ్లకు పొడుగు కర్ర చీపురు ఉంటుంది. ఇంట్లో ఊకే ఆడమనిషికి మాత్రం వంగుడే. పొట్టి పిడి నడుముకు ఏం చేస్తుందో చెప్పడానికి ఒక పరాయి దేశం సంగతి చెబుతాను. అమెరికాలో కాలిఫోర్నియా అనే రాష్ట్రంలో కూరగాయల తోటల్లో కూలీలకు పొట్టి పిడి పారలు ఇచ్చేవారు. రోజంతా వంగి కలుపు తీయాలి. నిలబడితే పని ఆపినట్టు మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోతుంది. కూలీలకు నడుములు పోయాయి. వాళ్లు కోర్టుకు పోయి కొట్లాడితే 1975లో ఆ పొట్టి పారను అక్కడ నిషేధించారు. పొడుగు పిడితో పని తక్కువ కాలేదు, నడుములు మిగిలాయి. మన పొట్టి చీపురు మీద ఎవరూ కోర్టుకు పోలేదు. ఇంట్లో పనికి కూలీ లేదు కాబట్టి కోర్టు కూడా లేదు.

ఇప్పుడు మిషన్ సంగతికి వద్దాం. చలి దేశాల్లో నేల మీద తివాచీలు పరుస్తారు. కొన్ని ఇండ్లలో గోడ నుంచి గోడ దాకా మేకులు కొట్టి బిగిస్తారు. తివాచీలో పడ్డ దుమ్ము పొరకతో రాదు, ఇంకా లోపలికి పోతుంది. అందుకే అక్కడివాళ్లు ఈ పనికి మిషన్ వెతికారు. మన దగ్గర ఏలూరులో తివాచీలు, వరంగల్‌లో దర్రీలు నేసినా, మన ఇండ్లలో నేలంతా వాటితో కప్పుకోలేదు. దర్రీ పరుచుకుంటాం, మడిచి పెడతాం, దులుపుకుంటాం. మిషన్ మన నేల కోసం పుట్టలేదన్న సంగతి కొనేటప్పుడు మర్చిపోవద్దు.

ఆ చరిత్రలో మనలాంటి సంఘం ఆడవాళ్లు తప్పక తెలుసుకోవలసిన మనిషి ఒకామె ఉంది. పేరు ఆనా బిస్సెల్. అమెరికాలో గ్రాండ్ రాపిడ్స్ అనే ఊరిలో ఆమెకు, ఆమె భర్త మెల్విల్‌కు పింగాణీ సామాన్ల దుకాణం ఉండేది. పింగాణీ పగలకుండా పెట్టెల్లో రంపపు పొట్టు నింపి వచ్చేది. ఆ పొట్టు తివాచీలో దూరితే తీయడం ప్రాణం మీదికి వచ్చేది. దానికోసం మెల్విల్ చక్రాలు, గుండ్రంగా తిరిగే బ్రష్షు ఉన్న ఒక తోపుడు డబ్బా తయారు చేసి 1876లో పేటెంటు తీసుకున్నాడు. కరెంటు లేదు, పీల్చుడు లేదు. తోస్తే బ్రష్షు తిరిగి దుమ్మును డబ్బాలోకి ఎత్తుతుంది, అంతే. బ్రష్షుల కుచ్చులను ఊరి ఆడవాళ్లు ఇండ్లలో కూర్చుని కట్టేవారు. ఆనా తిరిగి వాటిని పోగు చేసుకొచ్చేది. సరుకు అమ్మడానికి కూడా ఆమే బయలుదేరేది. 1884లో ఫ్యాక్టరీ కాలిపోతే బ్యాంకుల దగ్గరికి పోయి అప్పు తెచ్చి మళ్లీ నిలబెట్టింది. 1889లో భర్త చనిపోయాడు. చిన్నపిల్లలను పెట్టుకుని కంపెనీ పగ్గాలు పట్టింది, దేశదేశాలకు సరుకు పంపింది. అమెరికాలో అంత పెద్ద కంపెనీని నడిపిన తొలి ఆడవాళ్లలో ఆమె పేరు చెబుతారు. ఇంట్లో చేసిన సరుకు, గంపకెత్తిన మార్కెటింగ్, బ్యాంకు లింకేజీ... మన సమావేశాల్లో మనం మాట్లాడుకునేవన్నీ ఆమె చేసింది.

దుమ్మును పీల్చే మిషన్ ఇంకా తర్వాత వచ్చింది. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు దాన్ని చేశాడు. అది ఇంట్లో పట్టేది కాదు. గుర్రాలు లాగే బండి మీద ఇంజన్ పెట్టి, బండిని వీధిలో ఆపి, కిటికీల్లోంచి పొడుగు పైపులు లోపలికి వేసి పీల్పించేవారు. మన ఊర్లోకి బోరు బండి వస్తే పిల్లలు గుమిగూడినట్టే అక్కడా జనం గుమిగూడేవారు. 1902లో రాజు ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ చర్చిలో తివాచీలు శుభ్రం చేసింది ఆ మిషనే. గొప్పోళ్ల ఇండ్లకే ఆ వైభోగం.

నిలబడి తోసే మిషన్, అంటే మన అక్క అడిగిన రకం, గొప్పోళ్ల ఇంట్లో పుట్టలేదు. ఒక ఊడ్చే పనివాడి దమ్ములోంచి పుట్టింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో క్యాంటన్ అనే ఊరిలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే ఆయన ఒక పెద్ద దుకాణంలో రాత్రిపూట ఊడ్చే పని చేసేవాడు. దాదాపు అరవై ఏళ్లు. ఉబ్బసం. తోపుడు డబ్బాతో తివాచీలు ఊడ్చేటప్పుడు లేచే దుమ్ము ఆయనకు ఊపిరాడనిచ్చేది కాదు. పని మానేస్తే తిండి ఎట్ల? 1907లో ఆయన దగ్గర దొరికిన సామాన్లతోనే ఒకటి తయారు చేసుకున్నాడు. ఒక సబ్బు డబ్బా, ఒక ఫ్యాను, దానికి కరెంటు మోటారు, పిడికి చీపురు కర్ర, దుమ్ము పట్టడానికి దిండు గలీబు. కింద తిరిగే బ్రష్షు దుమ్మును లేపితే, ఫ్యాను దాన్ని పీల్చి గలీబులోకి తోస్తుంది. ఈరోజు వేలకు వేలు పోసి కొనే నిలువు మిషన్ పనితనం కూడా ఇంతే. గలీబు జాగాలో సంచో ప్లాస్టిక్ డబ్బానో వచ్చింది.

1908 జూన్‌లో ఆయనకు పేటెంటు వచ్చింది. కానీ మిషన్లు చేసి అమ్మడానికి పెట్టుబడి లేదు. తన చుట్టం సూసన్ హూవర్‌కు ఒకటి చూపించాడు. ఆమె ఇంట్లో వాడి చూసి, పనికొస్తుందని భర్తకు చెప్పింది. ఆ భర్త, విలియం హూవర్, గుర్రాలకు జీన్లు, తోలు సామాన్లు చేసే వ్యాపారి. కార్లు వస్తున్నాయి, గుర్రాల కాలం అయిపోతుందని బెంగ పడుతున్నాడు. మిషన్ హక్కులు కొన్నాడు. పది రోజులు ఇంట్లో ఉచితంగా వాడి చూడండని పత్రికలో ప్రకటన ఇచ్చి అమ్మాడు. ఆ తర్వాత ఇంగ్లండులో ఇల్లు ఊడ్చుడుకే "హూవరింగ్" అన్న పేరు పడింది. మనం కాగితం నకలు తీయడాన్ని జిరాక్స్ అన్నట్టు. స్పాంగ్లర్‌కు రాయల్టీ వచ్చింది గానీ, పేరు మాత్రం కొన్నవాడిదే నిలిచింది. ఆయన 1915లో చనిపోయాడు.

ఇక్కడిదాకా చదివితే ఇది సంతోషమైన కథలాగానే ఉంది. దమ్ముతో బాధపడే పనివాడు తనకోసం చేసుకున్న మిషన్ ఇంటింటి ఆడవాళ్లకు చేరింది, కష్టం తీరింది అనుకుంటాం. కానీ తీరిందా? ఈ ప్రశ్న అడిగిన చరిత్రకారిణి అమెరికాలోనే రూత్ ష్వార్ట్స్ కోవన్. 1983లో ఆమె ఒక పుస్తకం రాసింది. దాని పేరుకు "అమ్మకు మరింత పని" అని అర్థం. మిషన్ రాకముందు తివాచీలను ఏడాదికి ఒకటి రెండుసార్లు బయటకు మోసుకొచ్చి, తీగ మీద వేసి కట్టెలతో బాదేవారు. ఆ పనికి మగవాళ్లు, పిల్లలు, పనివాళ్లు అందరూ చేయి వేసేవారు. మిషన్ వచ్చాక బాదే పని పోయింది, దానితోపాటు చేయి వేసే మనుషులూ పోయారు. ఒక్కతే ఆడమనిషి, వారం వారం, తర్వాత రోజూ తోయాలి. పని తేలికైంది. కానీ ఎంత శుభ్రంగా ఉండాలన్న కొలత పెరిగింది, పని మొత్తం ఒక్కరి మీద పడింది. గంటలు తగ్గలేదు.

మనకు ఇది కొత్త సంగతి కాదు. మన దసరా దులుపుడు గుర్తు చేసుకోండి. బతుకమ్మకు ముందు ఇల్లంతా దులుపుతుంటే మగాయన స్టూలెక్కి బూజు దులుపుతాడు, పిల్లలు డబ్బాలు దించుతారు, బావి కాడికో బోరు కాడికో బోళ్లు మోస్తారు. పండుగలాంటి పని అది. రోజువారీ ఊకుడుకు మాత్రం ఒక్క చేయి కూడా రాదు. మట్టి నేల నుంచి టైల్స్‌కు వచ్చినప్పుడు జరిగింది కూడా ఇదేనని పైన అన్నాను కదా. 2019లో కేంద్ర ప్రభుత్వం జనం రోజంతా ఏ పనికి ఎంత సమయం ఇస్తున్నారో సర్వే చేసింది. కూలీ లేని ఇంటిపని చేసేవాళ్లు ఆడవాళ్లలో నూటికి 81 మంది, మగవాళ్లలో 26 మంది. చేసేవాళ్లలో కూడా ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు. ఐదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ! ఈ లెక్క మన ఇండ్లలో చెబితే "ఇంట్లో ఏం పని ఉంటది నీకు" అనేవాళ్ల నోరు కాసేపైనా మూత పడుతుంది.

మన దేశంలో ఇంటింటికీ ఈ మిషన్‌ను తీసుకెళ్లింది యురేకా ఫోర్బ్స్. 1982లో టాటా వారి ఫోర్బ్స్ కంపెనీ, స్వీడన్ వారి ఎలక్ట్రోలక్స్ కంపెనీ కలిసి పెట్టారు. టై కట్టుకున్న కుర్రవాళ్లు పట్నంలో కాలనీలు తిరిగి తలుపు కొట్టేవారు. మీ పరుపు చూపించండి అని, దాని మీద మిషన్ పెట్టి, వచ్చిన దుమ్మును తెల్లబట్ట మీద పోసి చూపించేవారు. హూవర్ చేసిన ఉపాయమే, డెబ్బై ఏళ్ల తర్వాత. అయితే ఇక్కడ ఎక్కువగా అమ్ముడైనది నిలువు రకం కాదు. నేల మీద చక్రాలతో లాక్కుపోయే డబ్బా, దానికి పొడుగు పైపు. కారణం మళ్లీ మన నేలే. బండ నేలకు తిరిగే బ్రష్షు అక్కర్లేదు. సోఫాలు, పరుపులు, పరదాలు దులపడానికి పైపు కావాలి. పైగా మనవాళ్లకు ఊకిన తర్వాత తడిబట్ట పెట్టకపోతే ఇల్లు ఊకినట్టే కాదు. మిషన్ కొన్న ఇండ్లలో కూడా పొరక పోలేదు, తడిబట్టా పోలేదు. చాలా ఇండ్లలో మిషనే అట్టపెట్టెలోకి ఎక్కి అటక మీద కూర్చుంది.

ఇక మన దగ్గర ఏం జరిగిందో మీకు చెప్పనక్కర్లేదు, మీ కళ్ల ముందరిదే. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. ఔటర్ రింగు రోడ్డు మన పక్క నుంచి పోయింది. శ్రీశైలం రోడ్డు రెండు పక్కలా వెంచర్లు, విల్లాలు, అపార్టుమెంట్లు లేచాయి. తుక్కుగూడ మున్సిపాలిటీ అయింది, 2020 జనవరిలో తొలి ఎన్నికలు జరిగాయి. పొలం పోయిన ఇంటి ఆడవాళ్లు, కైకిలు పని దొరకని ఆడవాళ్లు ఊకుడు పనిలోకి పోయారు. కొందరు ఇండ్లలో, కొందరు ఆఫీసుల్లో, హోటళ్లలో హౌస్‌కీపింగ్ పేరుతో. నాగలి పోయి చేతికి పొరక వచ్చింది. కట్టుబడి జరిగే చోట దుమ్ము వేరే రకం. సిమెంటు, రాతి పొడి, ఇసుక. ఆ దుమ్ము సానుపు చల్లితే అణిగే వాకిలి దుమ్ము కాదు, ఊపిరితిత్తుల్లో కూర్చుంటుంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక పనివాళ్లను గేటు లోపలికి రానీయలేదు. ఆ నెలల్లో పట్నం ఇండ్లలో ఈ మిషన్ల గిరాకీ పెరిగింది, దానంతటదే తిరిగే బిళ్లలాంటి రోబో మిషన్లతో సహా. మన అక్కలు పని లేక కూర్చున్నారు. మిషన్ వచ్చి మన పని పోతుందని అప్పుడు భయపడ్డాం. తర్వాత పిలుపులు మళ్లీ వచ్చాయి. కానీ పనికి పోయే అక్కలు ఒక మాట చెబుతారు. ఇంట్లో మిషన్ ఉంటుంది, మన చేతికి మాత్రం ఇవ్వరు. "నీకు రాదు, పాడు చేస్తవు" అంటారు. మళ్లీ అదే పొట్టి చీపురు. మిషన్ నడపడం వచ్చిన ఆడమనిషికి ఆఫీసుల్లో, హోటళ్లలో పని దొరకడం సులువు. అంటే నేర్చుకోవలసిన పనే ఇది. నేర్పాల్సిన బాధ్యత మన సమాఖ్య కూడా తీసుకోవాలని నేను అనుకుంటున్నాను. కుట్టు శిక్షణ ఇస్తున్నాం కదా, ఇదెందుకు ఇవ్వకూడదు?

సరే, కొనాలనుకునే అక్కలకు నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

రెండు గదుల టైల్స్ ఇల్లు, ఇంట్లో ఎవరికీ దమ్ము లేదు, సోఫా లేదు అంటే నా మాట విని మిషన్ కొనకండి. పొడుగు కర్ర చీపురు, పొడుగు కర్ర మాపు కొనుక్కోండి. నడుము బాధకు సగం మందు అదే, వందల్లో అయిపోతుంది. దమ్ము ఉన్నవాళ్లు ఉంటే, పరుపులు సోఫాలు ఉంటే, లేదా నలుగురు కలిసి శుభ్రం చేసే పనులు పట్టుకోవాలనుకుంటే అప్పుడు మిషన్ ఆలోచించవచ్చు.

దుకాణంలో వాట్లు ఎక్కువ ఉంటే బలం ఎక్కువ అంటారు. వాట్లు మిషన్ తాగే కరెంటు, పీల్చే బలం కాదు. యూరప్ దేశాలు 2014లో ఇంటి మిషన్లు 1600 వాట్లు దాటకూడదని, 2017లో 900 వాట్లు దాటకూడదని నిబంధన పెట్టాయి. అయినా అక్కడి ఇండ్లు మురికిగా లేవు. 800 వాట్ల మిషన్ రోజుకు పావుగంట నడిపితే నెలకు 6 యూనిట్లు. కరెంటు బిల్లుకు భయపడనక్కర్లేదు.

నిలువు మిషన్‌ను దుకాణంలో ఎత్తి చూడండి. మోటారు, డబ్బా, పిడి అంతా ఒకటే కాబట్టి బరువు ఉంటుంది, మెట్లు ఎక్కించేటప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. కింది బ్రష్షును ఆపే మీట ఉందా అడగండి. బండ నేల మీద తిరిగే బ్రష్షు ఇసుకను పీల్చేలోపు విసిరికొడుతుంది. మంచం కింద దూరుతుందో లేదో చూడండి, మన మంచాలు, బీరువాలు కిందికి ఉంటాయి. ఛార్జింగ్ రకాలు తేలిక, వైరు బాధ లేదు. కానీ చాలావాటికి ఛార్జింగ్ అరగంట అటూ ఇటూ వస్తుంది. రెండు మూడేళ్ల తర్వాత బ్యాటరీ మార్చాల్సి వస్తే దాని ధర ఎంతో కొనేముందే అడిగి రాయించుకోండి. బెల్టు, ఫిల్టరు, సంచి ఎక్కడ దొరుకుతాయో, సర్వీసు సెంటరు పట్నంలో ఎక్కడుందో కూడా. దమ్ము ఉన్న ఇంటికైతే హెపా ఫిల్టరు ఉన్నదే కొనాలి. అది చాలా సన్నని దుమ్మును కూడా ఆపుతుంది. మంచి ఫిల్టరు లేని మిషన్ ముందు నుంచి పీల్చిన సన్న దుమ్మును వెనక నుంచి గదిలోకే ఊదుతుంది. పొరకకన్నా అది నయమేమీ కాదు.

వాడేటప్పుడు తొందర పడొద్దు. పొరక అలవాటుతో మనం గబగబా తోస్తాం, మిషన్‌కు మెల్లగా ముందుకు వెనకకు తోస్తేనే దుమ్ము వస్తుంది. నీళ్లు, తడి చెత్త పీల్చొద్దు, మోటారు కాలుతుంది, షాకు కొడుతుంది. తడి పీల్చే రకం వేరే ఉంటుంది. ముగ్గుపిండి, శెనగపిండి, సిమెంటు కూడా పీల్చొద్దు, ఫిల్టరు మూసుకుపోతుంది. అగరబత్తి బూడిద, పొయ్యి బూడిదలో నిప్పు రవ్వ ఉంటే సంచి అంటుకుంటుంది. డబ్బా నిండేదాకా ఆగకుండా సగం దాటగానే బయటకు తీసుకుపోయి, ముక్కుకు కొంగు కాదు, గట్టి మాస్కు పెట్టుకుని, గాలి వాలు చూసి ఖాళీ చేయండి. కడిగే ఫిల్టరైతే కడిగి నీడలో ఒక రోజంతా ఆరనిచ్చి, పూర్తిగా ఆరాకే బిగించండి. మనింట్లో జడలు పొడుగు కాబట్టి కింది బ్రష్షుకు వెంట్రుకలు చుట్టుకుంటాయి. ప్లగ్గు పీకి, కత్తెరతో కోసి తీయాలి. నడుస్తూ నడుస్తూ మిషన్ ఆగిపోతే పాడైందని ఏడ్వొద్దు. చాలావాటిలో వేడెక్కితే దానంతటదే ఆగే ఏర్పాటు ఉంటుంది. ఎక్కడ అడ్డుపడిందో చూసి తీసి, అరగంట చల్లారనిచ్చి మళ్లీ పెట్టండి. ప్లగ్గు వైరు పట్టి గుంజొద్దు, ఎర్తింగు ఉన్న మూడు రంధ్రాల సాకెట్టుకే పెట్టండి.

అప్పు లెక్క కూడా చెప్పాలి, లేకపోతే ఇది మన నివేదిక కాదు. ఉదాహరణకు 12,000 రూపాయలు సంఘం నుంచి నూటికి రూపాయి వడ్డీకి తీసుకుని ఏడాదిలో కట్టేస్తే, నెలకు అసలు 1,000. వడ్డీ మొదటి నెల 120, తర్వాత అసలు తగ్గిన కొద్దీ తగ్గుతుంది, ఏడాదికి మొత్తం 780. ఒక్కరే మోస్తే ఇంటి ఖర్చు. ముగ్గురు కలిసి తీసుకుని, తమ ఇండ్లకు వాడుకుంటూ, కొత్త ఇండ్ల గృహప్రవేశాలకు ముందు శుభ్రం చేసే పని పట్టుకుంటే అదే ఆదాయం అప్పు. పుస్తకంలో ఏ పేరుతో రాస్తామన్నది మన చేతిలోనే ఉంది.

మొదట్లో చెప్పిన అక్క అలాగే చేసింది. ఇంకో ఇద్దరిని కలుపుకుంది. సంఘంలో మళ్లీ చర్చ పెట్టి, "గృహోపకరణం" కొట్టేసి "జీవనోపాధి" అని రాశాం. మిషన్ వారానికొకరి ఇంట్లో ఉంటుంది. ఆదివారం ఆమె ఇంట్లో దాన్ని తోసేది ఇంటర్ చదివే కొడుకు. పొరక పట్టమంటే ఏనాడూ పట్టని పిల్లగాడు. మిషన్ అంటే మగపని అనుకున్నాడో ఏమో, ఆమె అయితే అడగలేదు. వాకిలికి మాత్రం ఇప్పటికీ ఈత పొరకే, సానుపే. మొన్న డబ్బాలోంచి తీసిన దుమ్మును కాగితంలో పొట్లం కట్టుకుని సమావేశానికి తెచ్చి మా ముందు విప్పింది. "ఇదంతా ఇన్నేండ్లు నా లోపలికే పోయింది" అంది. ఆ రోజు ఎవరం నవ్వలేదు. తర్వాత తీర్మానాల పుస్తకం తీసి, వచ్చే ఏడాది శిక్షణల జాబితాలో మిషన్‌తో శుభ్రం చేసే పని కూడా రాశాం.